స్వరాజ్యం అనే అమ్మాయి

ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర బస్సుల బోర్డులు చదవటం నాకో సరదా. ఒకపక్క భువనగిరి, యాదగిరిగుట్ట, ఆలేరు, జనగామ, హనుమకొండ. మరోపక్క మోత్కూరు, తిరుమలగిరి, తొర్రూరు. నాచారంలో కాపురం పెట్టినప్పటి నుంచీ ఈ పేర్లు చూస్తూనే ఉన్నాను. మనకి అవి పెళ్ళిళ్ళకీ, పేరంటాలకీ, గుట్ట మీది నరసింహస్వామి దర్శనానికీ వెళ్ళే ఊళ్ళు. సీటు దొరికిందా లేదా అన్నదే ఆ క్షణాన మన బెంగ. కానీ 1940ల నాటి సంగతులు కాస్త చదివినవాళ్ళకి ఆ బోర్డులు వేరేలా కనిపిస్తాయి. భువనగిరి అనగానే ఒక మహాసభ, ఆలేరు అనగానే ఒక స్త్రీమూర్తి, జనగామ అనగానే ఒక తుపాకీ మోత గుర్తొస్తాయి. హైదరాబాదుకి ఈ తూర్పు గుమ్మం దాటితే, ఒకప్పుడు పల్లెలకి పల్లెలే దొరల మీద తిరగబడిన నేల మొదలవుతుంది.

తెలంగాణా సాయుధ పోరాటం అంటే మనలో చాలామందికి మొదట తోచే బొమ్మ ఏమిటి? గుబురు మీసాలు, భుజాన తుపాకీ, నెత్తిన తలపాగా, అంతేగా! ఆ బొమ్మలో ఆడవాళ్ళు ఉంటే ఎక్కడో వెనకాల అన్నం మూట పట్టుకుని ఉంటారు. అన్నం మూట తక్కువదని కాదు. ఆ మూట చేరకపోతే ఆ తుపాకీ ఒక్క రోజు కూడా నిలిచేది కాదు. అయితే మూట మోసినవాళ్ళే తుపాకీ కూడా మోశారనీ, వాళ్ళలో కొందరికి అప్పటికి పదహారేళ్ళు కూడా సరిగా నిండలేదనీ మన పాఠ్యపుస్తకాలు చెప్పలేదు. మన ఇళ్ళలో ఆ వయసు పిల్లని పక్క వీధికి పంపాలంటే తమ్ముణ్ణి తోడిస్తాం. అందుకే ఇవాళ ఆ పోరాటంలో పెరిగి పెద్దదయిన ఒక ఆడపిల్ల గురించి చెప్పుకుందామనిపించింది.

ముందు ఆ కాలం ఎలాంటిదో చూడాలి కదా. నిజాం రాజ్యంలో తెలుగువాళ్ళు దాదాపు సగం మంది. అయినా కచేరీల్లో, బళ్ళలో పెత్తనమంతా ఉర్దూదే. 1921 నవంబరులో హైదరాబాదులో సంఘ సంస్కార సభ ఒకటి జరిగింది. దానికి అధ్యక్షుడు ఎవరనుకున్నారు? స్త్రీ విద్య కోసం, వితంతువుల కోసం జీవితం ధారపోసిన మహర్షి కార్వే. అంతటి మనిషి అధ్యక్షతన జరిగిన సభలోనే ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఆపేశారు. ఆ అవమానంతోనే ఆ రాత్రి కొందరు కూర్చుని ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి మహాసభ జరిగినప్పుడు, దాని పక్కనే ఆడవాళ్ళకి వేరే సభ జరిగింది. దానికి నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షురాలు. బాల్య వివాహాలు వద్దు, ఆడపిల్లలకి చదువు కావాలి అనే మాటలు ఆ వేదికల మీద గట్టిగానే వినిపించాయి.

సరే, సభల మాట అలా ఉంచండి. ఊళ్ళో పరిస్థితి వేరు. ఊరికి దొర, దొరకి గడీ, గడీకి వెట్టి. కుమ్మరి కుండలు ఊరికే ఇవ్వాలి, చాకలి బట్టలు ఊరికే ఉతకాలి, మాదిగ చెప్పులు ఊరికే కుట్టాలి. రైతు తన చేను ఎండిపోతున్నా దొర పొలానికి నీళ్ళు పెట్టాకే తనది చూసుకోవాలి. ఆడవాళ్ళయితే వడ్లు దంచాలి, పిండి విసరాలి, నాట్లు వెయ్యాలి. కూలి అడగటానికి నోరు లేదు. దొర కూతురికి పెళ్ళి చేసి అత్తారింటికి పంపేటప్పుడు చీర సారెలతోపాటు ఒక పేద పిల్లని కూడా పంపేవారు. ఆ పిల్లని ‘ఆడబాప’ అనేవారు. ఆ పిల్లకి పెళ్ళి లేదు, ఇల్లు లేదు, కాదు అనే హక్కు లేదు. మంచం, బిందె, దీపపు సెమ్మె, వాటితోపాటు ఒక మనిషి! కూతుర్ని అత్తారింటికి పంపుతూ కళ్ళు తుడుచుకునే తల్లులకి, ఆ రెండో పిల్ల తల్లి కన్నీళ్ళు కనపడలేదు కాబోలు.

మరి దొరసానులు సుఖపడ్డారా అంటే అదీ లేదు. వాళ్ళకి ఘోషా. ఊరు దాటాలంటే తెరలు కట్టిన బండి. వెండి గిన్నెలో తింటారు, కానీ వీధి గుమ్మం ఎలా ఉంటుందో చూడరు. గడీ బయట ఉన్నదానికి ఆకలి, గడీ లోపల ఉన్నదానికి గోడ.

అలాంటి భూస్వామి కుటుంబంలోనే 1931లో ఒక ఆడపిల్ల పుట్టింది. నల్లగొండ జిల్లా, అప్పటి సూర్యాపేట తాలూకా, కరివిరాల కొత్తగూడెం. తండ్రి భీమిరెడ్డి రామిరెడ్డిగారు, తల్లి చొక్కమ్మగారు. గాంధీగారి స్వరాజ్య ఉద్యమం మీద అభిమానం ఉన్న బంధువుల మూలంగా ఆ పిల్లకి ‘స్వరాజ్యం’ అని పేరు పెట్టారట. మనం పిల్లలకి లక్ష్మి అనీ, సరస్వతి అనీ పేర్లు పెడతాం. ఆ పేరుకి తగ్గట్టు బతకాలని వాళ్ళని నిర్బంధించం. కానీ కొన్ని పేర్లు మనిషిని ఊరుకోనివ్వవేమో. తర్వాత మల్లు స్వరాజ్యంగా దేశానికి తెలిసిన మనిషి ఆ పిల్లే.

ఆ ఇంట్లో పెద్దన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి. తర్వాత్తర్వాత గెరిల్లా దళాలు నడిపి, ఆ పైన మిర్యాలగూడ నుంచి పార్లమెంటుకి వెళ్ళిన బి.ఎన్. ఆయనే. అక్క శశిరేఖ కూడా పోరాటంలోకి వచ్చినామే. ఒకే ఇంట్లో ముగ్గురు పిల్లలు అలా తయారయ్యారంటే ఆ తల్లి ఎలాంటి మనిషో మనం ఊహించుకోవచ్చు. ఒక్క కొడుకు వేరే కులం పిల్లని చేసుకుంటానంటేనే మంచం పట్టే తల్లులున్న లోకం ఇది.

స్వరాజ్యానికి పదేళ్ళ వయసులో ఒక పుస్తకం చేతికొచ్చింది. అది గోర్కీ ‘అమ్మ’. క్రొవ్విడి లింగరాజుగారు దాన్ని తెలుగు చేశారు. ఆ పుస్తకం సంగతే ఒక చిత్రమైన కథ. రష్యాలో 1905 విప్లవం ఓడిపోయాక గోర్కీ దేశం విడిచిపెట్టాల్సొచ్చింది. 1906లో అమెరికాలో ఉంటూ ఆ నవల రాశాడు. తర్వాత కొన్నేళ్ళు ఇటలీలో కాప్రి అనే ద్వీపంలో తలదాచుకున్నాడు. అంటే ఒక ప్రవాసి, తన ఊరికి వెళ్ళలేక, తన ఊళ్ళో ఉన్న ఒక అమ్మ గురించి పరాయి దేశంలో కూర్చుని రాశాడన్నమాట. అందులో పెలగేయా నీలవ్న అనే ఆమె మొగుడి చేత దెబ్బలు తిని, నోరెత్తకుండా బతికిన ముసలామె. కొడుకు కోసం కరపత్రాలు మోయటం మొదలుపెట్టి, చివరికి తన కోసమే నిలబడుతుంది. సముద్రాలు దాటి, భాషలు మారి, ఆ అమ్మ నల్లగొండ జిల్లాలో ఒక భూస్వామి ఇంటికి వచ్చి, పదేళ్ళ పిల్ల ముందు కూర్చుంది. పిల్లలు ఏ పుస్తకం చదువుతున్నారో కాస్త కనిపెట్టి ఉండమని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు మరి!

ఆ మరుసటి ఏడు జరిగిందే నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించింది. వెట్టి చేయించుకోవద్దు, చేసిన పనికి కూలి ఇవ్వాలి అని ఆంధ్ర మహాసభ పిలుపు ఇచ్చింది. పెద్దలు సభల్లో చప్పట్లు కొట్టి ఇంటికొచ్చి మామూలుగా వెట్టి చేయించుకున్నారు. కానీ పదకొండేళ్ళ స్వరాజ్యం ఆ పిలుపుని మాటకి మాటగా తీసుకుంది. తమ ఇంట్లో వెట్టి చేసేవాళ్ళకి గింజలు కొలిచి ఇచ్చేసింది. సొంత బాబాయిలు మండిపడ్డారు. వాళ్ళు కోప్పడింది పోయిన బియ్యం గురించి కాదని మనకి తెలుసు. గాదెలో గింజలకి కొదవేముంది? ఇవాళ శేరు బియ్యం ఇస్తే రేపు ‘ఇది మాకు రావలసిందే’ అంటారు. ధర్మం చేస్తే దొర పెద్దవాడవుతాడు. కూలి ఇస్తే ఇద్దరూ మనుషులవుతారు. ఈ తేడా పెద్దవాళ్ళకి బాగా తెలుసు. అందుకే కోపం. ఆ పిల్లకీ తెలిసింది. అందుకే ఆగలేదు.

మనలో ఎంతమందిమి మన ఇంటి లోపల జరిగే అన్యాయాన్ని అన్యాయం అనగలం చెప్పండి. బయట సర్కారుని తిట్టమంటే గంటలు గంటలు తిడతాం. పనిమనిషికి పండక్కి పాత చీర ఇస్తాం, జీతం పది రూపాయలు పెంచమంటే మొహం మాడ్చుకుంటాం. ఆ పిల్ల చేసిన మొదటి తిరుగుబాటు నిజాం మీద కాదు, తన సొంత వంటింటి మీద. తర్వాత పట్టుకున్న తుపాకీ కంటే అదే కష్టమైన పని అని నాకనిపిస్తుంది.

1944లో, మన ఉప్పల్ నుంచి బస్సెక్కితే గంటలో చేరే భువనగిరిలో, రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన పదకొండో ఆంధ్ర మహాసభ జరిగింది. సభ్యత్వ రుసుము తగ్గించి అణా చేశారు. అణా ఇస్తే ఒక చిట్టీ ఇచ్చేవారు. అందుకని పల్లెల్లో దాన్ని ‘చిట్టి సంఘం’ అన్నారు. గడీ ముందు చెప్పులు విప్పి చేత్తో పట్టుకు నడిచిన మనిషికి ఆ చిట్టీ ఒక ధైర్యం. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను సాగుచేసుకుంటున్న నాలుగెకరాల మీద విసునూరు దేశ్‌ముఖు కన్ను పడితే, సంఘం అండతో పంట ఇంటికి తెచ్చుకుంది. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద దొర గూండాలు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య పడిపోయాడు. అక్కణ్ణుంచి అగ్గి అంటుకుంది. వడిసెలలు, గుతపలు మగవాళ్ళ చేతికొచ్చాయి. రోకలిబండలు, కారప్పొడి ఆడవాళ్ళకి ఎలాగూ ఇంట్లో ఉన్నవే!

స్వరాజ్యానికి ఇంకో ఆయుధం ఉంది, గొంతు. మన ఆడవాళ్ళు బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడుకునే ఉయ్యాల పాటల వరస ఆమె తీసుకుంది. అందులో వెట్టి బాధలు, దొరల దౌర్జన్యాలు, సంఘం మాటలు పెట్టి పాడింది. ఉపన్యాసం వినటానికి ఆడవాళ్ళు రారు. వచ్చినా వెనక నిలబడి, పొయ్యి మీద పెట్టిన ఎసరు తలుచుకుని వెళ్ళిపోతారు. పాటయితే అలా కాదు. ఒకరు అందుకుంటే పదిమంది వంత పాడతారు, నీళ్ళ బావి దగ్గర మళ్ళీ పాడతారు. ఆ పాటని ఏ పోలీసు జప్తు చేస్తాడు?

పదహారేళ్ళ వయసుకి ఆమె పూర్తిగా పోరాటంలో ఉంది. రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్న రోజులవి. ఊరూరా తిరిగి ఆడవాళ్ళని కూడగట్టింది, తుపాకీ పట్టటం నేర్చుకుంది, దళానికి నాయకత్వం వహించింది. ఆమె తల మీద నిజాం సర్కారు 10,000 రూపాయలు బహుమానం ప్రకటించింది. తులం బంగారం వంద రూపాయల చుట్టుపక్కల ఉన్న రోజులవి. అంటే వంద తులాల బంగారం! పెళ్ళిచూపుల్లో ‘అమ్మాయికి ఎన్ని తులాలు పెడతారు’ అని అడిగే దేశంలో, ఒక పిల్లని పట్టిస్తే ఎన్ని తులాలిస్తామో సర్కారే చెప్పింది. అయినా ఏ గుడిసెలో ఆమె నిద్రపోయిందో, ఆ గుడిసెవాళ్ళు నోరు విప్పలేదు. వాళ్ళ ఇంట్లో మర్నాటికి గింజలుండేవో లేవో. మనిషి దొరకలేదన్న కసితో ఆమె ఇంటిని తగలబెట్టారు.

అక్కణ్ణుంచి అజ్ఞాతవాసం. ఈ మాట మనకి భారతం ఇచ్చింది. వానలు కురవాలని విరాటపర్వం చదివించుకోవటం మనకి ఆనవాయితీ. అందులో పాండవుల కంటే ద్రౌపది అజ్ఞాతవాసమే కష్టమనిపిస్తుంది నాకు. భీముడు వంటింట్లో దాక్కోవచ్చు, ధర్మరాజు పాచికల పలక ముందు దాక్కోవచ్చు. సైరంధ్రి ఎక్కడ దాక్కుంటుంది? పేరు దాచుకోగలదు, పుట్టుపూర్వోత్తరాలు దాచుకోగలదు. ఆడదాన్నన్న సంగతి దాచుకోలేదు. కీచకుడు ఆ సంగతే చూస్తాడు. పోరాటంలోని ఆడపిల్లలకీ అంతే. మగవాడు పట్టుబడితే తుపాకీ గుండు. ఆడది పట్టుబడితే దానికి ముందు ఏమేం జరుగుతుందో అందరికీ తెలుసు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. నగరంలో పండగ. రజాకార్ల పీడ విరగడయిందని జనం ఊపిరి పీల్చుకున్నారు. పోరాటం అక్కడితో ఆపాలా, సాగించాలా అన్నది పార్టీలోనే పెద్ద వివాదమయింది. రావి నారాయణరెడ్డిగారి వంటివారు ఆపుదామన్నారు. పంచిన భూములు మళ్ళీ దొరల చేతికి పోతాయని మిగతావారు సాగిద్దామన్నారు. సాగింది. ఎదురుగా ఇప్పుడు నిజాం కాదు, నెహ్రూగారి సైన్యం. మైదానంలో నిలవలేక దళాలు అడవిలోకి పోయాయి.

స్వరాజ్యం గోదావరి అడవుల వైపు వెళ్ళింది. అక్కడ ఆమె పేరు స్వరాజ్యం కాదు, రాజక్క. కోయగూడేల్లో తిరిగింది. దేశానికి స్వరాజ్యం వచ్చిన రోజుల్లోనే స్వరాజ్యం అనే అమ్మాయి తన పేరు తాను చెప్పుకోలేని పరిస్థితి! ఇంతకంటే పెద్ద ప్రవాసం ఏముంటుంది? ప్రవాసమంటే ఓడెక్కి పోవటమే కానక్కర్లేదు. మనవాళ్ళు పిలిచే పేరు వినపడని చోటు ఏదయినా ప్రవాసమే. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళ వయసు. మన ఇళ్ళలో ఆ వయసు పిల్లలు అద్దం ముందు నిలబడి జడ ఎడమ పక్కకి వేసుకోవాలా, కుడి పక్కకా అని ఆలోచించే కాలం. ఆమెకి రాత్రి నడక, పగలు దాక్కోవటం, మలేరియా జ్వరాలు, దొరికిననాడు అంబలి.

ఆడవాళ్ళ కష్టాలు ఆడవాళ్ళకే తెలుస్తాయి. అడవిలో నెలసరి ఎలా? కాన్పు ఎలా? పసిపిల్ల ఏడిస్తే దళమంతా పట్టుబడుతుంది. కమలమ్మ అనే దళ సభ్యురాలికి బిడ్డ పుడితే, బిడ్డా దళమా తేల్చుకోవలసి వచ్చింది. ఆమె కన్నబిడ్డని వేరే వాళ్ళ చేతిలో పెట్టి దళంతో వెళ్ళింది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. త్యాగం అనే మాట మనం చాలా తేలిగ్గా వాడేస్తాం. ఆ తల్లికి పాలు తడిసిన రవిక ఆరటానికి ఎన్నాళ్ళు పట్టి ఉంటుందో ఏ చరిత్రకారుడు రాస్తాడు? ఇక పట్నాల్లో రహస్య స్థావరాలు నడిపిన వాళ్ళ సంగతి మరోరకం. మామూలు సంసారంలా కనపడాలి. పొద్దున్నే ముగ్గు వెయ్యాలి, పక్కింటావిడతో కూరల ధర మాట్లాడాలి, ‘మీవారు ఏం చేస్తారు’ అంటే తడుముకోకుండా చెప్పాలి. లోపల గదిలో ప్రాణాలమీదికి తెచ్చుకున్న మనుషులు. ఇంత చేసినా, రాత్రిళ్ళు మగవాళ్ళతో కలిసి తిరిగిన ఆడది అన్న మాట మాత్రం వాళ్ళని వదలలేదు.

కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కొండపల్లి కోటేశ్వరమ్మగారిది ఇంకో ప్రవాసం. ఆమెకి ఊహ తెలియని వయసులో పెళ్ళి, వెంటనే వైధవ్యం. సంస్కరణ గాలిలో కొండపల్లి సీతారామయ్యతో మళ్ళీ పెళ్ళి. తర్వాత ఉద్యమం, పిల్లల్ని తల్లి దగ్గర వదిలి ఊరుగాని ఊళ్ళలో అజ్ఞాతవాసం. అన్నీ అయ్యాక భర్త ఆమెని విడిచిపెట్టాడు. అప్పుడామె ఏం చేశారు? హైదరాబాదు వచ్చి ఆంధ్ర మహిళా సభలో చేరి, పిల్లల తల్లి వయసులో మెట్రిక్ చదివారు. కాకినాడలో ఆడపిల్లల హాస్టల్ మేట్రన్‌గా పనిచేశారు. తన కథ ‘నిర్జన వారధి’గా పుస్తకం వచ్చేసరికి 2012. అప్పటికి తొంభై దాటాయి. నూరేళ్ళు నిండి 2018లో వెళ్ళిపోయారు. విప్లవం విడిచిపెట్టినా, మొగుడు విడిచిపెట్టినా తనని తాను విడిచిపెట్టని మనిషి ఆమె.

1951 అక్టోబరు 21న పోరాటం విరమించారు. మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాల భూమి, నాలుగు వేల ప్రాణాలు అని పుచ్చలపల్లి సుందరయ్యగారు లెక్క చెప్పారు. 1949లో జాగీర్దారీ రద్దు, 1950లో కౌలుదారుల చట్టం ఊరికే రాలేదని ఒప్పుకోక తప్పదు. 1952 ఎన్నికల్లో జైళ్ళలోంచి, అడవుల్లోంచి వచ్చినవాళ్ళని జనం గెలిపించారు. ఉప్పల్ నుంచి ఇదే రోడ్డు మీద వచ్చే ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవిగారు శాసనసభకి వెళ్ళారు. పుట్టింటివాళ్ళు పెట్టిన పేరు రుక్మిణి. చిన్నతనంలోనే పెళ్ళయి, పేరు కూడా మారి, చదువుకుని, దళంలో పనిచేసి, జైలు చూసి వచ్చినామె. 1957లో, 1962లో కూడా ఆలేరువాళ్ళు ఆమెనే గెలిపించారు.

అయితే కమలాదేవిలాంటి వాళ్ళు ఎందరు? మిగతా వందల మందికి ‘పోరాటం అయిపోయింది, ఇళ్ళకి వెళ్ళండి, పెళ్ళిళ్ళు చేసుకోండి’ అన్నారు. ఇల్లంటే ఏ ఇల్లు? తగలబడిన ఇల్లా, రానివ్వని ఇల్లా? మగవాడు అడవి నుంచి తిరిగొస్తే వీరుడు. ఆడది తిరిగొస్తే ‘ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు?’ అన్న ప్రశ్న. తుపాకీ దింపి గరిటె పట్టుకోవటం కొందరికి తుపాకీ పట్టుకోవటం కంటే కష్టమయింది. స్వేచ్ఛ ఒకసారి రుచి చూసిన నాలుకకి మళ్ళీ చప్పిడి కూడు దిగుతుందా? ఆ మాట నెమ్మదిగా, నిష్ఠురంగా వాళ్ళే చెప్పుకున్నారు. 1986లో స్త్రీశక్తి సంఘటన వారు ఆ ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళ నోటి మాటలు అచ్చువేసిన పుస్తకం ‘మనకు తెలియని మన చరిత్ర’. పేరు ఎంత బాగుందో చూడండి. ముప్ఫై అయిదేళ్ళు వాళ్ళని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పారు.

స్వరాజ్యం 1954లో తోటి పోరాట యోధుడు మల్లు వెంకటనరసింహారెడ్డిగారిని పెళ్ళి చేసుకున్నారు. కాపురం చేశారు, పిల్లల్ని పెంచారు, రాజకీయాలు వదల్లేదు. 1978లోనూ, 1983లోనూ తుంగతుర్తి నుంచి శాసనసభకి ఎన్నికయ్యారు. ఒకప్పుడు సర్కారు వెల కట్టిన తలే, సర్కారుని నిలదీసే బెంచీలో కూర్చుంది. 2019లో ఆమె చెప్పగా రాసిన ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’ వచ్చింది.

ఇక్కడ మా నాచారం సంగతొకటి చెప్పాలి. మా నాచారంలో రామకృష్ణా స్టూడియో అంటే తెలియనివారుండరు. ఎన్.టి. రామారావుగారు కట్టించింది. ఆ రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే హిందూ వారసత్వ చట్టాన్ని మన రాష్ట్రం వరకు సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి కొడుకులతో సమానంగా వాటా ఇచ్చారు. 1985 సెప్టెంబరు 5 నుంచి అది అమల్లోకి వచ్చింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయిన కూతుళ్ళకి లేదన్నారు. ఆ తేడా లేకుండా దేశమంతటా కూతుళ్ళకి సమాన హక్కు వచ్చింది 2005లో. దున్నేవాడికి భూమి అని ఐలమ్మలు, స్వరాజ్యాలు 1940ల్లో పోరాడారు. ‘దున్నేవాడు’ అన్న మాటలో ‘వాడు’ ఉంది గానీ ‘ఆమె’ లేదని మనం గమనించటానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. ఇప్పటికీ ఎందరు ఆడపడుచులు పుట్టింటి పసుపు కుంకుమలు దక్కితే చాలని వాటా కాగితం మీద సంతకం పెట్టి వచ్చేయటం లేదు? గాదెలోంచి గింజలు కొలిచి ఇచ్చిన పదకొండేళ్ళ పిల్లకి తెలిసిన సంగతే ఇది కూడా. ధర్మం వేరు, హక్కు వేరు.

మల్లు స్వరాజ్యంగారు 2022 మార్చి 19న హైదరాబాదులోనే కన్నుమూశారు. ఆ తరం దాదాపుగా వెళ్ళిపోయింది. కానీ వాళ్ళ కూతుళ్ళున్నారు, కోడళ్ళున్నారు. ఉప్పల్లో, నాచారంలో ఫ్యాక్టరీలు వచ్చాక నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు ఈ పక్కకి వచ్చి స్థిరపడ్డాయి. మీ పక్కింట్లో, మీ మెట్ల కింద, మధ్యాహ్నం పూట చింతపండు ఈనెలు తీస్తూ కూర్చున్న పెద్దావిడ ఎవరో మీకు తెలుసా? ఆమె తల్లి ఏ రాత్రి ఎవరికి అన్నం మూట అందించిందో, ఏ పేరుతో ఏ ఊళ్ళో దాక్కుందో, ఏ ఉయ్యాల పాటకి వంత పాడిందో ఎవరికి ఎరుక?

ఈసారి తీరిక దొరికినప్పుడు ఆవిడ పక్కన పీట వేసుక్కూర్చుని, నాలుగు ఈనెలు మీరూ తీస్తూ, ‘అమ్మా, మీ అమ్మగారి పేరేమిటి?’ అని అడిగి చూడండి. అలాంటి వాళ్ళు ఒక్క పేరు చెప్పి ఆగరు.